సీపీఏ పరీక్ష: అనుమతుల చరిత్ర

అమెరికాలో కంపెనీల లెక్కలను స్వతంత్రంగా తనిఖీ చేసి నివేదికపై సంతకం చేసే వృత్తికి సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్, పొడి అక్షరాల్లో సీపీఏ, అనే హోదా కావాలి. ఆ హోదాను ఇచ్చేది అక్కడి కేంద్ర ప్రభుత్వం కాదు, ఒక్కొక్క రాష్ట్రం. భారతదేశంలో 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం నమోదు, పరీక్ష, సభ్యత్వం మూడింటినీ ఒకే సంస్థకు అప్పగించగా, అమెరికాలో ప్రశ్నపత్రం ఒకరిది, పరీక్ష గది ఇంకొకరిది, అభ్యర్థిని ఆ గదిలోకి రానిచ్చే అధికారం మరొకరిది అయింది. ఈ మూడింటిలో చివరిదే చరిత్రలో అన్నిటికన్నా బరువైనది.

మొదటి సీపీఏ చట్టం న్యూయార్క్ రాష్ట్రంలో 1896 ఏప్రిల్ 17న వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్లు నిండినవారు, సత్ప్రవర్తన గలవారు, అమెరికా పౌరులు లేదా పౌరసత్వం పొందే ఉద్దేశం ప్రకటించినవారు అర్హులని ఆ చట్టం నిర్ణయించి, అప్పటికే ఏడాదికి పైగా సొంతంగా వృత్తి సాగిస్తున్నవారికి పరీక్ష నుంచి మినహాయింపు పొందే వీలు కల్పించింది. గణకశాస్త్ర సిద్ధాంతం, ఆచరణ, ఆడిటింగ్, వాణిజ్య చట్టం అనే నాలుగు విషయాల్లో తొలి పరీక్ష అదే ఏడాది డిసెంబరులో జరిగింది. ఒకటో నంబరు సర్టిఫికెట్ ఆ చట్టం కోసం పాటుపడిన ఫ్రాంక్ బ్రోకర్‌కు దక్కింది.

చట్టంలో రాసిన అర్హతలకూ, ఆచరణలో అనుమతి దొరకడానికీ మధ్య ఎంత దూరం ఉండేదో క్రిస్టీన్ రాస్ ఉదంతం చెబుతుంది. కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన ఆమె 1898లో పరీక్ష రాసి నెగ్గినప్పటికీ, స్త్రీకి ఈ హోదా ఇవ్వవచ్చునా అన్న మీమాంసలో అధికారులు ఏడాదిన్నర గడిపి, 1899 డిసెంబరు 21న గాని ఆమె చేతికి 143వ నంబరు సర్టిఫికెట్ ఇవ్వలేదు. చట్టం స్త్రీలను నిషేధించలేదు. ఆమె పరీక్ష తప్పనూ లేదు. నల్లజాతివారికి అడ్డుపడిన తలుపు ఇంతకన్నా గట్టిది. చాలా రాష్ట్రాలు సీపీఏల దగ్గర పనిచేసిన అనుభవాన్ని తప్పనిసరి చేయగా, శ్వేతజాతీయుల సంస్థలు నల్లవారిని ఉద్యోగంలోకి తీసుకునేవే కావు. అందువల్ల వాషింగ్టన్ నగరవాసి జాన్ క్రామ్‌వెల్ జూనియర్, అనుభవ నిబంధన లేని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రానికి వెళ్లి, 1921లో అమెరికా తొలి నల్లజాతి సీపీఏ అయ్యాడు. పైకి నిష్పక్షపాతంగా కనిపించే అర్హత నిబంధన ఎంత నిశ్శబ్దంగా మనుషులను వేరు చేయగలదో చూపడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

రాష్ట్రానికో ప్రశ్నపత్రం ఉన్న గందరగోళాన్ని తగ్గించడానికి, నేడు ఏఐసీపీఏ అని పిలిచే వృత్తి సంఘానికి పూర్వరూపమైన సంస్థ 1917లో ఉమ్మడి పరీక్షను ప్రవేశపెట్టింది. అన్ని రాష్ట్రాలూ దాన్ని స్వీకరించడానికి 1952 దాకా పట్టింది. ప్రశ్నపత్రాన్ని వదులుకున్న రాష్ట్రాలు అనుమతి అధికారాన్ని మాత్రం వదులుకోలేదు. కాగితంపై పరీక్ష రాసే కాలంలో ఏడాదికి రెండుసార్లు, మే, నవంబరు నెలల్లో, దేశమంతటా ఒకే రోజుల్లో పరీక్ష జరిగేది కనుక, తేదీ ఎంచుకోవడమనే సమస్యే అభ్యర్థికి లేదు; మే పరీక్ష తప్పితే నవంబరు దాకా ఆగవలసిందే.

2004 ఏప్రిల్‌లో పరీక్ష కంప్యూటర్‌పైకి మారడంతో ఈ క్రమం తిరగబడింది. పరీక్ష గదుల బాధ్యత ప్రోమెట్రిక్ అనే ప్రైవేటు సంస్థకు చేరింది. ప్రతి మూడు నెలల్లో రెండు నెలలు పరీక్షలు నడిచేవి. అభ్యర్థి ముందుగా సీపీఏ హోదా ఇచ్చే ఒక రాష్ట్ర బోర్డుకు దరఖాస్తు చేయాలి. అర్హుడని తేల్చిన బోర్డు, పరీక్షకు అనుమతించినట్లు రాష్ట్ర బోర్డుల సమాఖ్య అయిన నాస్బాకు తెలియజేస్తుంది. ఫీజు చెల్లించాక నాస్బా నోటీస్ టు షెడ్యూల్ అనే పత్రం జారీ చేస్తుంది. తెలుగు విద్యార్థులు ఎరిగిన హాల్ టికెట్‌ వంటిదే ఇది, కాకపోతే ఇందులో తేదీ గాని కేంద్రం గాని ఉండవు. ఆ పత్రం చూసుకుని ప్రోమెట్రిక్‌లో స్లాట్ బుక్ చేసుకోవడం అభ్యర్థి పని. చాలా రాష్ట్రాల్లో ఆరు నెలలు ఉండిన ఆ పత్రం గడువు లోపల పరీక్ష రాయకపోతే కట్టిన ఫీజు పోయేది. 2020లో ఏడాది పొడవునా పరీక్ష రాసే వీలు కలిగాక, తేదీల కొరత తగ్గి, అసలు చిక్కంతా అనుమతి సంపాదించడంలోనే మిగిలింది.

ఆ చిక్కు తెలుగువారికి నేరుగా తగిలినది. 2011లో జపాన్‌లోనూ కొన్ని పశ్చిమాసియా దేశాల్లోనూ కేంద్రాలు తెరిచినా, భారతదేశానికి 2020లో గాని ఆ వీలు రాలేదు. అప్పుడు ఎంపికైన నగరాల్లో హైదరాబాద్ ఒకటి కావడంతో, పరీక్ష కోసమే విదేశానికి వెళ్లే ఖర్చు తప్పింది. అయినా హైదరాబాద్‌లో రాసే అభ్యర్థి కూడా ఏదో ఒక అమెరికా రాష్ట్ర బోర్డు అభ్యర్థే. మూడేళ్ల బీకాం పట్టాను అమెరికా చదువు గంటల్లోకి లెక్కకట్టించుకోవాలి, స్వదేశంలో రాసేందుకు పరీక్షలోని ప్రతి విభాగానికీ అదనపు రుసుము చెల్లించాలి. ఏ రాష్ట్రాన్ని ఎంచుకుంటే చదువు, అనుభవ నిబంధనలు తమకు సరిపోతాయో ముందే చూసుకోవడం శిక్షణ కోర్సులో చేరడానికన్నా ముందు చేయవలసిన పని. అందులోనూ దరఖాస్తులో రాసే పేరు పాస్‌పోర్టులోని పేరుతో సరిపోవాలి. ఇంటిపేరును ఒకచోట పొడి అక్షరంగా, మరొకచోట పూర్తిగా రాసే అలవాటున్న తెలుగు అభ్యర్థులు దీన్ని మొదటే సరిచూసుకోవాలి, ఎందుకంటే పేర్లు కలవకపోతే పరీక్ష కేంద్రంలోకి రానివ్వరు.