తంగేటి జున్ను

సులువుగా చేతికందే మేలును మన పెద్దలు ‘తంగేటి జున్ను’ అన్నారు. ఇక్కడ జున్నంటే పాలజున్ను కాదు, తేనెపట్టు. తంగేడు మనిషెత్తు పొద. దాని కొమ్మకు చిన్న తేనెటీగలు పట్టు పెడితే నిచ్చెన అక్కర్లేదు, చెయ్యి చాస్తే చాలు. ఎంత చక్కటి చూపు!

మెట్టల్లో పసుపు పూలు పూసేదల్లా తంగేడు కాదు. ఆకుకాడ మొదట్లో చూడండి: చెవి తమ్మెలాంటి గుండ్రటి చిన్నాకు కొమ్మను కరుచుకుని ఉంటుంది. 1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ దీనికి పెట్టిన ‘ఆరిక్యులేటా’ అనే పేరుకు లాటిన్‌లో చెవులున్నదని అర్థం. పసుపు పూలే పూసే కసిందకు ఈ చెవి ఉండదు. తంగేడు కాయ బల్లపరుపుగా, ఎండితే కాగితంలా పలచగా ఉంటుంది.

తోళ్లు పదును చెయ్యడానికి దీని బెరడు వాడేవారు. ఇప్పుడిది తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఈసారి బతుకమ్మకు పూలు కోసేటప్పుడు ఆ చెవిని ఒక్కసారి తడిమి చూడండి.