బొమ్మ నోటి నుండి రోగి నోటికి: దంతవైద్య శిక్షణలో భద్రత

దంతవైద్య శిక్షణ చరిత్రను ‘విద్యార్థి తొలి తప్పును ఎవరు భరించారు?’ అన్న ప్రశ్నతో పరిశీలించవలసి ఉంది. 1894లో ఆస్వాల్డ్ ఫెర్గస్ రూపొందించిన ఫాంటమ్ హెడ్ ఆ భారాన్ని రోగి నుండి బొమ్మ తలకు మార్చింది. భారతదేశంలో తొలి దంతవైద్య కళాశాలను డాక్టర్ ఆర్. అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించారు. 2007 నాటి బి.డి.ఎస్. నిబంధనల ప్రకారం విద్యార్థులు రెండవ సంవత్సరంలో బొమ్మ నోటిలో పన్ను తొలిచి పూడ్చడం నేర్చుకొని, మూడవ సంవత్సరంలో రోగుల వద్దకు వస్తారు. అయితే బొమ్మ నోటిలో లాలాజలం ఊరదు, నాలుక కదలదు, నెత్తురు రాదు. నందిగామ, జగ్గయ్యపేటల నుండి విజయవాడ ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు వచ్చిన రోగి నోటిలోనే అవన్నీ తొలిసారి ఎదురుకావచ్చు. వాడిన మత్తు సూది గుచ్చుకుంటే హెపటైటిస్-బి ముప్పు విద్యార్థికి కూడా ఉంటుంది. టీకాను, చేతితొడుగులను తనిఖీ చేయవచ్చు. కుర్చీ పక్కన అధ్యాపకుడు నిలిచిన సమయాన్ని లెక్కించడమే కష్టం.