తూకం నుంచి పిడికిలి దాకా

1881 జనవరి 29న వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ క్యాన్సర్ గడ్డతో సహా జీర్ణాశయంలో కొంత భాగాన్ని కోసి తీసేశాడు. రోగి ఆపరేషన్‌ను తట్టుకుంది. కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టి చనిపోయింది. ఆ తర్వాత చాలాకాలం సర్జన్ల ఆలోచన కుట్టు నిలుస్తుందా, చీము పడుతుందా అన్నదాని చుట్టూనే తిరిగింది. రోగి ఒంట్లో ఎంత కండ మిగిలిందన్నది లెక్కలోకి రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది. క్యాన్సర్ ఆపరేషన్‌కు వచ్చే వృద్ధుల నీరసాన్ని వయసు ఖాతాలోనో జబ్బు ఖాతాలోనో రాసి వదిలేసే అలవాటు నేటికీ పూర్తిగా పోలేదు. అందులో కొంత తిండి అందక, కదలిక లేక వచ్చినదనీ, దాన్ని సరిదిద్దవచ్చనీ ఈ చరిత్ర చూపుతోంది.

1936లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో సర్జన్ హైరమ్ స్టడ్లీ పెప్టిక్ అల్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల వివరాలు పరిశీలించాడు. అంతకుముందే 20 శాతానికి మించి బరువు తగ్గినవాళ్లలో దాదాపు 33 శాతం మంది చనిపోయారు. అంతగా తగ్గనివాళ్లలో చనిపోయినది 3.5 శాతమే. వాళ్లది క్యాన్సర్ కాదు, రోగులూ కొద్దిమందే. అయినా తూకం యంత్రం కూడా ప్రాణాపాయాన్ని ముందే పసిగట్టగలదని తేలింది. లంఖణం పరమౌషధమని నమ్మి, జబ్బు మనిషికి వారాల తరబడి పల్చటి జావతోనే సరిపెట్టే మన ఇళ్లకు ఆ అంకెలు గట్టి హెచ్చరిక. గంజి తప్పు కాదు. అరగని రోజున అదే దిక్కు. అయితే అందులో మాంసకృత్తులు బహు తక్కువ.

తిండి పెడితే గడ్డ కూడా పెరుగుతుంది కదా అని కొందరు భయపడతారు. మనుషుల్లో పోషణ వల్ల క్యాన్సర్ ముదురుతుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని యూరప్ పోషణ నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. కిలో బరువుకు రోజుకు కనీసం 1 గ్రాము, వీలైతే 1.5 గ్రాముల దాకా మాంసకృత్తులు అందించమని అవి సూచిస్తాయి. అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాములు. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. 1968లో స్టాన్లీ డడ్రిక్ బృందం రక్తనాళం గుండానే పూర్తి పోషణ ఇవ్వవచ్చని నిరూపించాక ఆశలు బాగా పెరిగాయి. కానీ 1991లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన పెద్ద పరిశోధనలో, ఆపరేషన్‌కు ముందు అలా ఇచ్చిన పోషణ బాగా చిక్కిపోయినవాళ్లకే మేలు చేసింది. మిగతావాళ్లలో ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. కాబట్టి అందరికీ ఎక్కించడం వైద్యం కాదు; ఎవరికి కావాలో ముందు కనిపెట్టాలి.

ఆ కనిపెట్టడంలో తూకం ఒక్కటే చాలదు. కండ కరిగి కొవ్వు మిగిలిన మనిషి బరువు నిలకడగానే కనిపిస్తుంది, కడుపులో నీరు చేరితే పెరుగుతుంది కూడా. 1980లో ఇంగ్లండ్ సర్జన్లు పిడికిలి పట్టును చిన్న యంత్రంతో కొలిచి, పట్టు తక్కువ ఉన్నవాళ్లకే ఆపరేషన్ తర్వాత చిక్కులు ఎక్కువ వస్తున్నాయని గమనించారు. కండ క్షీణతపై ఆసియా నిపుణుల బృందం 2019లో ఈ పట్టుకు మగవాళ్లలో 28 కిలోలను, ఆడవాళ్లలో 18 కిలోలను కింది హద్దుగా పెట్టింది.

ముసలి వయసులో కండ మళ్లీ వస్తుందా అన్న సందేహానికి 1994లో బోస్టన్ నుంచి జవాబు వచ్చింది. వృద్ధాశ్రమంలో సగటున 87 ఏళ్లున్న బలహీనులకు పది వారాలు బరువులతో వ్యాయామం చేయిస్తే బలం రెట్టింపు దాటింది; వ్యాయామం లేకుండా పోషక పానీయం మాత్రమే తాగినవాళ్లలో అలాంటి మార్పు రాలేదు. వాళ్లు క్యాన్సర్ రోగులు కారు, ఆ ఫలితాన్ని నేరుగా అతికించకూడదు. కానీ 2018లో బార్సిలోనా వైద్యులు కడుపు పెద్ద ఆపరేషన్లకు ముందు, 70 దాటినవాళ్లతో సహా ప్రమాదం ఎక్కువున్న రోగులకు కసరత్తు చేయిస్తే, చిక్కులు 62 శాతానికి బదులు 31 శాతం మందిలోనే కనిపించాయి. అది ఒకే ఆసుపత్రి లెక్క. అయినా గడ్డ బయటపడిన రోజుకూ ఆపరేషన్ రోజుకూ మధ్య చాలామందికి కొన్ని వారాలుంటాయి. పిడికిలి కొలవడం, గుడ్డో పప్పో పెరుగో పెంచడం, రోజూ నడిపించడం ఆ వ్యవధిలోనే మొదలు కావాలి.