కరువులో పని చూపిన పాస్నెట్ దొరగారు

మెదక్ చర్చి చూడనివారు మన పెన్షనర్లలో తక్కువే. క్రిస్మస్‌నాడు ఖైరతాబాద్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు వెళ్ళి దర్శించేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు. దానిని కట్టించిన రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు పాద్రీ. 1895లో సికింద్రాబాద్ తిరుమలగిరిలో సైనికుల మధ్య సేవ ప్రారంభించి, మరుసటి ఏడాది మెదక్ చేరారు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కరువు వచ్చి జనం పస్తులుంటే, ఆయన ఊరికే దానం చేయలేదు. చర్చి నిర్మాణంలో పని చూపి అన్నం పెట్టారు. పని చేసి తిన్నవాడు తల దించుకోనక్కరలేదు. జీతంతో బతికిన మనకు ఇది వేరే చెప్పాలా?

1924 డిసెంబరు 25న, 175 అడుగుల గోపురంతో ఆ మందిరం ఆరాధనకు తెరుచుకుంది. 1947లో మెథడిస్టులు, ఆంగ్లికన్లు, ప్రెస్బిటేరియన్లు తదితరులు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు, మెదక్ డయోసిస్‌కు అదే కథీడ్రల్ అయింది.