ఒక్క చేతి రాత కాదు

క్రీ.పూ. 604 చివర, చలికాలం. యెరూషలేములోని చలికాలపు నగరులో రాజు యెహోయాకీము కుంపటి ముందు కూర్చున్నాడు. యెహూది అనే ఉద్యోగి, యిర్మియా ప్రవక్త చెప్పిన మాటలున్న పుస్తకపు చుట్టను చదివి వినిపిస్తున్నాడు. మూడు నాలుగు పుటలు పూర్తికాగానే, రాజు లేఖికుల చాకు తీసుకుని ఆ మేరకు కోసి కుంపటిలో పడేస్తున్నాడు. ముగ్గురు అధికారులు వద్దని బతిమాలారు, రాజు వినలేదు. చివరి ముక్క కూడా కాలిపోయింది. సంగతి తెలిసిన యిర్మియా మరో చుట్ట తెప్పించి, బారూకు చేత అంతా మళ్లీ రాయించాడు. యిర్మియా గ్రంథం 36వ అధ్యాయం చెప్పే కథ ఇది. కాలిపోయిన మాటలతోపాటు అలాంటివే ఇంకా చాలా చేరాయని కూడా ఆ అధ్యాయం చివర్లో ఉంది.

యూదుల పవిత్ర గ్రంథాలు ఎలా పుట్టాయని ఎవరైనా అడిగితే నేను ముందుగా చూపించేది ఈ అధ్యాయాన్నే. ఇందులో చెప్పేవాడు యిర్మియా, రాసేవాడు బారూకు. వాళ్లిద్దరినీ పాత్రలుగా చేసి ఈ కథ మనకు చెబుతున్నవాడు మూడోవాడు, అతని పేరు ఎక్కడా లేదు. తర్వాత చేరిన మాటలు ఎవరు చేర్చారో అసలే లేదు.

బారూకు ఆ చుట్టను జనానికి మొదట చదివి వినిపించింది దేవాలయంలో, షాఫాను కుమారుడైన గెమర్యా గదిలో. 1982లో యిగాల్ షిలో బృందం యెరూషలేములోని పాత దావీదు పట్టణాన్ని తవ్వుతుంటే ఒక ఇంటి నేల మీద యాభై దాకా మట్టి ముద్రలు దొరికాయి. పత్రాలను దారంతో కట్టి, ముడి మీద తడి మట్టి అద్ది, దాని మీద నొక్కే ముద్రలివి. వాటిలో ఒకదాని మీద ‘షాఫాను కుమారుడైన గెమర్యా’ అని ఉంది. క్రీ.పూ. 586లో బబులోను సేన నగరాన్ని తగలబెట్టినప్పుడు పత్రాలు బూడిదయ్యాయి, ఆ మంటకే ముద్రలు కాలి గట్టిపడి మిగిలాయి. వాటి కింద ఏ రాత ఉండేదో ఇక ఎవరూ చెప్పలేరు.

ఈ షాఫాను ఇంటివారు గట్టివాళ్లు. క్రీ.పూ. 622 ప్రాంతంలో యోషీయా రాజు దేవాలయం బాగు చేయిస్తుండగా, ప్రధాన యాజకుడు హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం ఒకటి ‘దొరికింది’. దాన్ని రాజు ముందు చదివినవాడు శాస్త్రియైన షాఫాను. విన్న రాజు బట్టలు చింపుకున్నాడు. అది నిజమైన దేవుని మాటేనా అని తేల్చమని హుల్దా అనే ప్రవక్త్రి దగ్గరకు మనుషులను పంపాడు. ఒక గ్రంథం పవిత్రమని అధికారికంగా తేలిన మొదటి సందర్భంగా మనకు కనిపించేది ఇదే, తీర్పు చెప్పినది ఒక స్త్రీ. షాఫాను మరో కొడుకు అహీకాము యిర్మియా ప్రాణం కాపాడాడు. మనవడు గెదల్యా, నగరం కూలాక మిగిలిన జనానికి అధిపతి అయ్యాడు. యోషీయా గ్రంథం విని బట్టలు చింపుకుంటే, అతని కొడుకు యెహోయాకీము గ్రంథాన్నే కోసిపారేశాడు. ఈ రెండు కథల్నీ పక్కపక్కన చదవాలన్నది రాసినవాళ్ల ఉద్దేశమేనని నా నమ్మకం.

దేవాలయంలో దొరికినది ద్వితీయోపదేశకాండమే, కనీసం దాని మూలభాగమేనని 1805లో జర్మన్ పండితుడు డి వెట్టె వాదించాడు. యోషీయా ఆ తర్వాత చేసిన పనులన్నీ, అంటే ఊరూరి బలిపీఠాలు పడగొట్టి ఆరాధనను ఒక్క యెరూషలేముకే పరిమితం చేయడం, ఆ కాండం చెప్పినట్టే ఉన్నాయి. దొరికినది అంతకుముందు ఎప్పుడో రాసినదా, దొరకడానికి కాస్త ముందే రాసినదా అన్న చర్చ ఇంకా సాగుతోంది. 1955లో ఇరాక్‌లోని నిమ్రూదులో, అష్షూరు రాజు ఎసర్హద్దోను క్రీ.పూ. 672లో సామంతుల చేత చేయించిన ప్రమాణాల పలకలు దొరికాయి. నీ రాజును ప్రేమించు, ద్రోహం చెప్పేవాడు సొంత అన్నదమ్ముడైనా దాచకు, మాట తప్పితే ఇన్ని శాపాలు తగులుతాయి అన్నది వాటి వరస. ద్వితీయోపదేశకాండం 13, 28 అధ్యాయాలు చదివినవారికి ఆ గొంతు కొత్తగా ఉండదు. అష్షూరు చక్రవర్తికి చెల్లించాల్సిన విధేయతను ఎవరో యూదా లేఖికుడు ఆ చక్రవర్తి మాటలతోనే తీసుకెళ్లి దేవుడికి అప్పగించాడు. ఆ లేఖికుడి ధైర్యం ముందు పేరు తెలియకపోవడం నాకు పెద్ద లోటుగా తోచదు.

అసలు అప్పట్లో యూదాలో రాయగలిగినవాళ్లు ఎందరు? లాకీషు కోటలో దొరికిన పెంకుల మీది ఉత్తరాల్లో ఒకదానిలో, క్రీ.పూ. 588 ప్రాంతపు ఒక చిన్న అధికారి పైవాడి మీద రుసరుసలాడతాడు. తనకు ఉత్తరం చదవడం రాదని అనుకున్నందుకు అతనికి కోపం. నాకు ఎవరూ ఎప్పుడూ ఉత్తరం చదివి పెట్టలేదని దేవుడి మీద ఒట్టేస్తాడు. దక్షిణాన ఎడారి అంచున ఉన్న అరాదు కోటలో దొరికిన 16 పెంకుల రాతలను టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వారు కంప్యూటర్‌తో పోల్చి, కనీసం ఆరు వేర్వేరు చేతులు ఉన్నాయని 2016లో తేల్చారు. అంత చిన్న కోటలోనే ఆరుగురు రాయగలిగితే రాజధానిలో ఇంకెందరో అని వాళ్ల వాదన. దీనివల్ల గ్రంథాలు అప్పుడే రాశారని రుజువు కాదు, రాయడానికి మనుషులున్నారని మాత్రం తెలుస్తుంది. 1979లో గాబ్రియేల్ బర్కాయ్‌కి యెరూషలేము శివారు సమాధుల్లో దొరికిన రెండు చిన్న వెండి రేకులదీ అదే సంగతి. సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలోని యాజక ఆశీర్వచనం వాటి మీద చెక్కి ఉంది, కాలం క్రీ.పూ. 600 ప్రాంతం. ఆశీర్వచనం అప్పటికే ఉంది, సంఖ్యాకాండం ఉందో లేదో ఆ రేకులు చెప్పవు.

అయిదు కాండాలనూ మోషే ఒక్కడే రాశాడన్న నమ్మకానికి చిక్కులున్నాయని సంప్రదాయానికి తెలియకపోలేదు. మోషే చనిపోయాడని మోషే ఎలా రాస్తాడు? ద్వితీయోపదేశకాండం చివరి ఎనిమిది వచనాలు యెహోషువ రాశాడని, యూదు గురువుల చర్చల సంకలనమైన తల్మూదులో ఒక రబ్బీ అంటాడు. కాదు, దేవుడు చెబుతుంటే మోషేనే కన్నీళ్లతో రాశాడని ఇంకొకరు. పన్నెండో శతాబ్దంలో స్పెయిన్ పండితుడు ఇబ్న్ ఎజ్రా అలాంటి వచనాలు మరికొన్ని పట్టుకుని, తెలిసినవాడు నోరు మెదపడని సైగ చేసి ఊరుకున్నాడు. ఊరుకోనివాడు తత్త్వవేత్త స్పినోజా. ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం 1656లో అతన్ని వెలివేసింది. 1670లో తన పేరు లేకుండా, ప్రచురణ స్థలం కూడా తప్పుగా వేసి అచ్చయిన పుస్తకంలో, ఇవన్నీ కూర్చినవాడు బబులోను చెర తర్వాతి కాలపు శాస్త్రి ఎజ్రా కావచ్చునన్నాడు. గ్రంథకర్తల గురించి రాసినవాడే తన పేరు దాచుకోవలసి వచ్చింది.

1753లో ఫ్రెంచి వైద్యుడు జాన్ అస్త్రుక్ కూడా పేరు లేకుండానే పుస్తకం వేశాడు. సుఖరోగాల మీద గ్రంథం రాసి పేరు పొందిన ఈ వైద్యుడికి మోషేను కాదనాలని లేదు, కాపాడాలనే ఉంది. ఆదికాండంలో కొన్నిచోట్ల దేవుడికి ‘ఎలోహీం’ అని, కొన్నిచోట్ల ‘యెహోవా’ అని రావడం చూసి, మోషే చేతిలో కొన్ని పాత పత్రాలు ఉండి ఉంటాయని ఊహించి, వాటిని వరసలుగా విడదీసి అచ్చు వేశాడు. తెలుగు బైబిల్లో కూడా ఈ అతుకు కనిపిస్తుంది. జలప్రళయం కథలో 6వ అధ్యాయం ప్రతి జంతువులో ఒక జత చాలంటుంది, 7వది పవిత్ర జంతువులను ఏడేసి జతలు ఎక్కించమంటుంది. ఒకచోట వాన నలభై రోజులు, మరోచోట నీళ్లు నూట యాభై రోజులు. ఆ పాయలను విడదీసి చదివితే రెండూ విడివిడిగా సాఫీగా నడుస్తాయి.

అస్త్రుక్ మొదలుపెట్టిన పనిని నూట పాతికేళ్ల తర్వాత యూలియుస్ వెల్‌హౌజెన్ ఒక కొలిక్కి తెచ్చాడు. నాలుగు మూలాలు, వాటికి కాలక్రమం, యాజకుల విధులన్నీ చివరి పొర. ఆయన 1882లో గ్రైఫ్స్‌వాల్డ్‌లో దైవశాస్త్రాచార్య పదవికి రాజీనామా చేశాడు. తన పాఠాలు విద్యార్థులను చర్చి కొలువుకు పనికిరాకుండా చేస్తున్నాయన్నది ఆయన ఇచ్చిన కారణం. అలాంటి నిజాయితీ ఆచార్యుల్లో అరుదు. ఆయన లెక్క 1970ల నుంచి చెదిరింది. నాలుగు పూర్తి గ్రంథాలు ఉండేవన్న మాటను ఐరోపాలో చాలామంది వదిలేశారు, యాజక పొరకూ మిగతా దానికీ తేడా ఉందన్న మాట మాత్రం నిలిచింది.

ఈ పండితులంతా పాయలు విడదీయడంలో మునిగి, వాటిని పేనినవాడిని చిన్నచూపు చూశారని నా ఫిర్యాదు. అతను తెలివితక్కువవాడు కాదు. ఒక జతా ఏడు జతలా అన్నది అతనికీ కనిపించే ఉంటుంది. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఉత్తర రాజ్యం సమరయ కూలి జనం దక్షిణానికి వలస వచ్చారు. 586లో దక్షిణ రాజ్యమూ పోయింది. రాజు లేడు, దేవాలయం లేదు, బబులోనులో ఉన్నవాళ్లదొక జ్ఞాపకం, యూదాలో మిగిలినవాళ్లదొకటి, ఉత్తరం నుంచి వచ్చినవాళ్లదొకటి. వీటిలో ఒకదాన్ని కొట్టేస్తే ఒక జనాన్ని కొట్టేసినట్టే. పొసగకపోయినా రెండింటినీ ఉంచడం అతని పద్ధతి.

పారసీక రాజు కోరెషు క్రీ.పూ. 539లో బబులోనును గెలిచాక కొందరు తిరిగి వచ్చారు. యెషయా గ్రంథం 45వ అధ్యాయం ఆ కోరెషును పేరు పెట్టి పిలుస్తుంది. ఎనిమిదో శతాబ్దపు యెషయా మాటల వెనుకే ఆరో శతాబ్దపు అనామక కవి గొంతు చేరిందని నేటి పండితుల్లో అత్యధికుల అభిప్రాయం. నెహెమ్యా గ్రంథం ప్రకారం ఎజ్రా యెరూషలేములో నీటి గుమ్మం ఎదుట తెల్లవారి నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు, లేవీయులు జనానికి అర్థం చెప్పారు.

ఎజ్రా కాలానికి దగ్గరగా, క్రీ.పూ. అయిదో శతాబ్దంలో ఈజిప్టులో, నైలు నదిలోని ఎలిఫంటైన్ ద్వీపం మీద ఒక యూదు సైనిక కాలనీ ఉండేది. వాళ్లకు సొంత దేవాలయం ఉంది, బలులూ ఇచ్చేవారు. యోషీయా కట్టడి వాళ్లకు పట్టలేదు. క్రీ.పూ. 410లో ఆ గుడిని కూల్చేస్తే, 407లో యూదా అధిపతికి అర్జీ పెట్టుకున్నారు. తమ చోట బలిపీఠం ఉండటం తప్పేమో అన్న బెరుకు ఆ అర్జీలో ఎక్కడా లేదు. వాళ్ల పాపిరస్ కాగితాలు చాలా దొరికాయి. అమ్మకాలు, పెళ్లి ఒప్పందాలు, అహీకారు అనే మంత్రి కథ, దార్యావేషు చక్రవర్తి శాసనం ప్రతి కూడా. తోరా, అంటే ఆ అయిదు కాండాల, ముక్క ఒక్కటీ లేదు, మోషే పేరు కూడా లేదు. ఎజ్రా చదివిన గ్రంథం అందరు యూదులకూ గ్రంథం కావడానికి ఇంకా కాలం పట్టిందన్నమాట.

క్రీ.పూ. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా యూదులు తోరాను గ్రీకులోకి తెచ్చుకున్నారు. డెబ్బై ఇద్దరు పెద్దలు కలిసి చేశారన్న కథ తర్వాత పుట్టింది. గ్రీకుల ప్రభావంతో ఇంకో మార్పు వచ్చింది: గ్రంథానికి కర్త ఉండాలన్న ఊహ. క్రీ.పూ. 180 ప్రాంతంలో యెరూషలేములో బెన్ సీరా అనే పండితుడు నీతి గ్రంథం రాసి, చివర్లో తన పేరు పెట్టుకున్నాడు. పదిహేనేళ్లయినా తిరగకముందే ఇంకొకరు, అంతియొకస్ రాజు దేవాలయాన్ని అపవిత్రం చేసిన రోజుల్లో, బబులోను కాలపు దానియేలు నోట దర్శనాలు చెప్పించారు. ఆ దర్శనాలు అంతియొకస్ కాలం దాకా జరిగినవాటికి అచ్చంగా సరిపోయి, ఆ తర్వాతవాటి దగ్గర తప్పుతాయని క్రీ.శ. మూడో శతాబ్దంలోనే పోర్ఫిరీ అనే తత్త్వవేత్త ఎత్తిచూపాడు. తమాషా ఏమిటంటే, పాత పేరు తొడుక్కున్న దానియేలు పవిత్ర గ్రంథాల్లో చేరింది. సొంత పేరు పెట్టుకున్న బెన్ సీరాను రబ్బీలు బయటే ఉంచారు. ప్రవక్తల కాలం అయిపోయిందని, పాతవాళ్ల పేరు ఉంటేనే ఒప్పుకుంటామని జనం అనుకునే రోజులవి. బెన్ సీరా హీబ్రూ మూలం క్రమంగా కనుమరుగైంది. 1896లో ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అనే కవల సోదరీమణులు తెచ్చిన ఒక చిరుగుకాగితాన్ని కేంబ్రిడ్జ్‌లో సాలొమన్ షెక్టర్ గుర్తుపట్టాకే అది మళ్లీ వెలుగు చూసింది. ఆ తీగ పట్టుకుని ఆయన కైరో సినగాగు గదిలోని పాత కాగితాల గుట్ట దాకా వెళ్లాడు.

క్రీ.శ. 70లో రెండో దేవాలయం కూలాక రబ్బీలకు మిగిలినది గ్రంథమే. పరమగీతం, ప్రసంగి పవిత్రమా కాదా అని వాళ్లు గట్టిగా వాదించుకున్నారు. ఆ తర్వాతి తరాల తల్మూదులో కర్తల పట్టిక ఒకటి ఉంది. దాని ప్రకారం యోబు గ్రంథం మోషేది, న్యాయాధిపతులు, రూతు సమూయేలువి, రాజుల గ్రంథం యిర్మియాది, సామెతలు, ప్రసంగి రాసింది హిజ్కియా రాజు, అతని మనుషులు. పేరులేని గ్రంథాలకు పేర్లు దొరికాయి. క్రీ.శ. 930 ప్రాంతంలో తిబెరియలో అహరోను బెన్ అషేరు అచ్చులు, స్వరాలు గుర్తించిన అలెప్పో ప్రతితో పాఠం చాలావరకు స్థిరపడింది. 1947 అల్లర్లలో ఆ ప్రతి దెబ్బతిని తోరా భాగం దాదాపు అంతా పోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మృత సముద్రం పక్క గుహల్లో చుట్టలు బయటపడుతున్నాయి. 11 గుహలు, 900కు పైగా ప్రతులు. నాలుగో గుహలో యిర్మియా రెండు రకాలుగా ఉంది. ఒకటి నేటి హీబ్రూ పాఠంలా పొడుగ్గా, ఇంకొకటి గ్రీకు అనువాదంలా పొట్టిగా. గ్రీకు అనువాదకులు మాటలు మింగేశారని అంతవరకూ నిందించినవాళ్లు వెనక్కి తగ్గవలసి వచ్చింది. పొట్టి హీబ్రూ యిర్మియా నిజంగానే ఉండేది, పొడుగుది దాన్ని పెంచగా వచ్చినదని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటారు. 36వ అధ్యాయం చెప్పిన చేర్పులు యిర్మియా బతికున్నప్పటితో ఆగలేదు. రెండు రకాలనూ ఒకే గుహలో దాచుకున్నవాళ్లకు ఏది అసలుదన్న బాధ ఉన్నట్టు లేదు.

ఆ బాధ మనది. యెరూషలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయం అలెప్పో ప్రతిని ఉన్నదున్నట్టు అచ్చువేసి, తేడాలన్నీ అడుగున చూపిస్తోంది. ఇంకో బృందం తొలి పాఠాన్ని తిరిగి కూర్చే సంపుటాలు వేస్తోంది. 2015లో సామెతలతో మొదలైన ఆ వరసలో, రెండు రూపాలున్న గ్రంథాలను పక్కపక్కన రెండు వరసల్లో అచ్చువేయాలన్నది ప్రణాళిక. ఒక్క అసలు పాఠం కోసం వెతికే పండితులు కూడా యిర్మియా దగ్గరకు వచ్చేసరికి రెండింటినీ ఉంచక తప్పడం లేదు.