రావూరి భరద్వాజ

రావూరి భరద్వాజ (జూలై 5, 1927 - అక్టోబర్ 18, 2013) సుప్రసిద్ధ తెలుగు కథా రచయిత, నవలాకారుడు. పేదరికం వల్ల బడి చదువు మధ్యలోనే ఆగిపోయినా, స్వయంకృషితో సాహిత్యాన్ని అభ్యసించి 2012 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారాన్ని పొందాడు. విశ్వనాథ సత్యనారాయణ, సి.నారాయణరెడ్డిల తరువాత ఈ పురస్కారం పొందిన మూడవ తెలుగు రచయిత ఈయన.

బాల్యం

భరద్వాజ అప్పటి కృష్ణా జిల్లాలోని మోగులూరు గ్రామంలో కోటయ్య, మల్లికాంబ దంపతులకు జన్మించాడు. ఈ గ్రామం 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. కుటుంబం గుంటూరు జిల్లా తాడికొండకు తరలి వెళ్ళింది. ఉన్నత పాఠశాల చదువు పూర్తి కాకుండానే పొలం పనులకు, ఆ తరువాత కర్మాగారాలలోను, అచ్చు కార్యాలయాలలోను కూలికి వెళ్ళవలసి వచ్చింది. అయినా పుస్తక పఠనం మానలేదు. చేతిలో పట్టా లేనివాడికి ఆ రోజుల్లో రచయితగా గుర్తింపు దొరకడం సులభం కాదు.

నెల్లూరులో

1946లో నెల్లూరు నుండి వెలువడే జమీన్ రైతు వారపత్రిక సంపాదక వర్గంలో చేరాడు. జమీందారీ వ్యవస్థకు వ్యతిరేకంగా రైతుల పక్షాన నిలిచిన పత్రిక అది. బడి ఇవ్వలేని భాషాశిక్షణ ఆయనకు చాలావరకు పత్రికా కార్యాలయాలలోనే లభించిందని చెప్పవచ్చు. 1948లో దీనబంధు వారపత్రికకు మారాడు. తరువాత మద్రాసులో జ్యోతి, అభిసారిక, చిత్రసీమ మొదలైన పత్రికలలో పనిచేశాడు. 1959లో హైదరాబాదు ఆకాశవాణిలో చేరి, 1987లో పదవీ విరమణ చేశాడు.

రచనలు

మద్రాసులో సినిమా రంగాన్ని దగ్గరగా చూసిన అనుభవం పాకుడురాళ్ళు నవలకు ఆధారమైంది. నాటకాల నుండి వచ్చి సినీతారగా ఎదిగిన మంజరి ఇందులో ప్రధాన పాత్ర. ఆమె విజయంతో పాటు, అందుకు ఆమె చెల్లించిన మూల్యాన్ని కూడా రచయిత దాచకుండా చిత్రించాడు. మొదట కృష్ణాపత్రికలో ధారావాహికగా వచ్చిన ఈ నవల ఆయన రచనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది. జీవన సమరంలో బ్రతుకుతెరువు కోసం పెనుగులాడే సామాన్యుల కథనాలున్నాయి. తాను కూలిపని చేసినవాడు కావడం వల్లనే కాబోలు, వీటిలో జాలి కన్నా గౌరవమే ఎక్కువగా కనిపిస్తుంది. కాదంబరి మరొక నవల. భార్య కాంతం మరణానంతరం ఆమె స్మృతిలో రాసిన నాలోని నీవు, అయినా ఒక ఏనాడు వంటి రచనలు పాఠకులను ఎంతగానో కదిలించాయి. పిల్లల కోసం కూడా విరివిగా రాశాడు.

పురస్కారాలు

జీవన సమరానికి 1983లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆంధ్ర, నాగార్జున విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లు ప్రదానం చేశాయి. 2013 అక్టోబరులో జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న కొద్ది రోజులకే హైదరాబాదులో మరణించాడు.