పార్శ్వపు నొప్పి: కళింగాంధ్ర ఇంటివైద్యం

తలనొప్పి అందరికీ వస్తుంది. తలలో సగానికే వచ్చే నొప్పి మాత్రం పడ్డవారికే తెలుస్తుంది. ఒక కణత దగ్గర మొదలై, కంటి వెనక్కి దిగి, వెలుతురంటేనే భయం పుట్టించి, చివరకు వాంతితోనో నిద్రతోనో సెలవు తీసుకునే ఈ బాధను పుస్తకాల్లో పార్శ్వపు నొప్పి అంటారు. ఇళ్ళలో ఒంటి తలనొప్పి అంటారు. ఇప్పుడు అందరం మైగ్రేన్ అంటున్నాం. రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ దీనికి పెట్టిన పేరు హెమిక్రేనియా, అంటే సగం తల. ఆ మాటే ఫ్రెంచివారి నోట అరిగి మైగ్రేన్ అయింది. మన ఆయుర్వేదులు అర్ధావభేదకం అన్నారు. ఒకరి మాట ఒకరు వినకుండానే రెండు నాగరికతలూ నొప్పిని సగానికే కొలిచాయి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇళ్ళలో ఈ నొప్పికి మాత్రలు లేకుండా చేస్తూ వచ్చిన ఉపచారాల గురించి నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అవన్నీ గొప్పవని చెప్పడానికి కాదు, అన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారెయ్యడానికీ కాదు. వాటిని జల్లెడ పట్టవలసిన అవసరం మన ప్రాంతానికి ప్రత్యేకంగా వచ్చిపడింది. అదేమిటో ముందుకు వెళ్ళాక చెబుతాను.

ముందు శాస్త్రం ఏమందో చూద్దాం. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం పదకొండు శిరోరోగాలను లెక్కపెట్టింది. అందులో అర్ధావభేదకం పదిరోజులకో, పక్షానికో, ఒక్కోసారి అకస్మాత్తుగానో వస్తుందని ఉంది. నొప్పి తిరిగి తిరిగి వస్తుందన్న గమనింపు నేటి వైద్యులు ఒప్పుకొనేదే. ఇంకొకటి సూర్యావర్తం. సూర్యుడితోబాటు మొదలై, పొద్దెక్కేకొద్దీ పెరిగి, పొద్దు వాలితే తగ్గుతుంది. అరసవల్లి సూర్యనారాయణమూర్తికి ఆరోగ్యం కోసం మొక్కుకొనే సీమలో, ఆ సూర్యుణ్ణే చూడలేని తలనొప్పి ఒకటి ఉండడం చిత్రమే. నౌపడ ఉప్పుమడుల తెల్లటి మెరుపులో పనిచేసేవారిని అడిగితే సూర్యావర్తానికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

చరకుడు అర్ధావభేదకానికి చెప్పిన కారణాల్లో ముందు తిన్నది అరగక ముందే మళ్ళీ తినడం, అతిశ్రమ, మంచు, వేగాలను ఆపుకోవడం ఉన్నాయి. తూర్పుగాలి కూడా ఉంది. సముద్రం తూర్పున ఉన్న మనకు ఆ కారణం ఇంటిముందే ఉన్నట్టు!

ఇంటివైద్యం సంస్కృతంలోనే ఉండనక్కరలేదని మన విజయనగరంలోనే ఒక మహానుభావుడు చేసి చూపించాడు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) ఆయుర్వేద విషయాలను అచ్చతెలుగులో రాసి, దానికి "మన్కి మిన్కు" అని పేరు పెట్టాడు. మన్కి అంటే ఆయువు, మిన్కు అంటే వేదం. ఆయుర్వేదం అన్న మాటకే అది తెలుగు. వైద్యం జనం నోటి మాటలో ఉండాలన్న ఆ పట్టుదల నాకు చాలా ఇష్టం. ఎందుకంటే అవ్వల వైద్యం ఎప్పుడూ ఆ మాటలోనే ఉంది.

ఇక ఆ వైద్యం సంగతి. అన్నిటికంటె ముందుది శొంఠి పట్టు. సానమీద నీళ్ళతో శొంఠికొమ్మును అరగదీసి నుదుటికీ కణతలకూ పూస్తారు. చురుక్కుమని వేడి పుట్టి, కాసేపు లోపలి పోటుమీద నుంచి ధ్యాస మళ్ళుతుంది. 2014లో ఇరాన్ వైద్యులు వందమంది మైగ్రేన్ రోగుల్లో సగం మందికి శొంఠిపొడిని, తక్కినవారికి సుమట్రిప్టాన్ అనే మందును ఇచ్చి చూస్తే, రెండు గంటల తరువాత ఉపశమనం రెంటికీ దాదాపు సమానంగా ఉంది. అయితే వారు ఇచ్చింది కడుపులోకి; మనం పూసేది నుదుటికి. ఈ తేడా మరచిపోయి శాస్త్రం మన అవ్వను గెలిపించేసిందని చంకలు గుద్దుకోకూడదు. శొంఠి వికారాన్ని తగ్గిస్తుందన్నది మాత్రం మన వంటింటికీ వైద్యశాలకూ ఉమ్మడిగా తెలిసిన విషయం.

రెండవది తలకు గుడ్డ బిగించి కట్టడం. కణతల దగ్గర రక్తనాళాలు ఉబ్బడమే ఈ నొప్పికి మూలమని 1938లో అమెరికాలో హెరాల్డ్ వుల్ఫ్ పరిశోధనలు ప్రతిపాదించాయి. తరువాతి కాలంలో దృష్టి నాళాల నుంచి నరాలవైపు మళ్ళింది. సిద్ధాంతం మారినా గుడ్డ మారలేదు. కట్టినంతసేపూ హాయి, విప్పితే మళ్ళీ మొదలు. దానికి తోడు చీకటి గది, నుదుటిమీద తడిగుడ్డ, ఎవరూ పలకరించకుండా ఒక కునుకు. వీటికి ఖర్చూ లేదు, హానీ లేదు.

మూడవది తలంటు జాగ్రత్త. తలంటుకున్నాక జుట్టు తడిగా ఉంచవద్దని, సాంబ్రాణి పొగ వేసి ఆరబెట్టమని పెద్దవాళ్ళు పోరేవారు. 2006లో ముంబయి వైద్యుడు కె. రవిశంకర్, తలస్నానం వల్ల మైగ్రేన్ రేగే 94 మంది భారతీయ రోగుల గురించి ఒక వైద్య పత్రికలో రాశారు. పాశ్చాత్య గ్రంథాల్లో అంతగా కనబడని ఈ కారణం మన ఆడవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. పొగ మాట ఎలా ఉన్నా, త్వరగా ఆరబెట్టడం మంచి సలహాయే. ఘాటు వాసన పడనివారు సాంబ్రాణికి దూరంగా ఉండడమే మేలు.

నాలుగవదాన్ని ఎవరూ వైద్యమనే అనుకోరు. అది చోడి అంబలి. రాగులను మన వైపు చోళ్ళంటాం. పొద్దున్నే పొలానికి వెళ్ళేముందు ఒక చెంబెడు అంబలి తాగి బయలుదేరడం మన పల్లెల అలవాటు. ఖాళీ కడుపు, ఒంట్లో నీరు తగ్గడం, నిద్ర తప్పడం అనే మూడూ ఈ నొప్పిని పిలిచి తెచ్చేవే. కార్తీక సోమవారం ఉపవాసం ఉన్న ఇల్లాలికి సాయంత్రానికి తల ఎందుకు పగిలిపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. నొప్పి వచ్చాక చేసే వాటికంటె, రాకుండా వేళకు తినడం, వేళకు పడుకోవడమే పెద్ద వైద్యమని నా అభిప్రాయం.

జల్లెడలో నిలవనివీ ఉన్నాయి. తుమ్మి ఆకు రసాన్ని ముక్కులో పిండడం అందులో ఒకటి. నస్యకర్మ శాస్త్రంలో ఉన్నదే గానీ, శుభ్రత లేని పసరు ముక్కులో పొయ్యడం వేరు. రెండవది వాత పెట్టడం. శిరోరోగాలకు కనుబొమ్మలు, నుదురు, కణతల దగ్గర కాల్చమని సుశ్రుతుడే చెప్పాడు. ప్రాచీనమైనంత మాత్రాన మంచిది కాదనడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

పట్టుల రోజులకు ముగింపు పలికినది ఒక తెలుగువాడే. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం మొదలుపెట్టాక సాన మూలపడింది, డబ్బీ అలమరలోకి వచ్చింది. ఆ రాబడి అండతోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి వచ్చాయి. తెలుగు సాహిత్యానికి తలనొప్పి చేసిన మేలు అంతా ఇంతా కాదు! డబ్బీ తరువాత మాత్ర వచ్చింది. అక్కడినుంచే కథ బరువెక్కింది.

మందు ప్రాణం నిలుపుతుంది, మూల్యమూ అడుగుతుంది. మన గిడుగు రామమూర్తి పంతులు సవరల భాష కోసం కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నాడు. దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. నేడు ఆ మూల్యం ఉద్దానంలో మరో రూపంలో కనబడుతోంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఇంటింటి మాట అయింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది గానీ, జబ్బుకు మూలకారణం ఇంకా తేలలేదు. నొప్పిమాత్రలే కారణమని ఎవరూ రుజువు చెయ్యలేదు. కానీ ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి దెబ్బతిన్న మూత్రపిండాలను ఇంకా దెబ్బతీస్తాయన్నది నిశ్చయం.

కవిటి వైపు పల్లెలో ఉండే మా పెద్దమ్మకు ముప్ఫయ్యేళ్ళుగా ఈ నొప్పి. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగిందని తెలిసిన రోజున వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, నొప్పిమాత్రలు ఎన్ని మింగుతున్నారమ్మా అని. "మాత్రలు మానీమన్నారు నాయనా, నొప్పికెవరు చెప్తారు మానీమని?" అంది ఆవిడ. ఆ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఈ వ్యాసమే. నెలలో సగం రోజులు నొప్పిమాత్రలు మింగితే వాటివల్లే కొత్త తలనొప్పి పుడుతుందని కూడా వైద్యులు చెబుతున్నారు. కనుక మాత్రలు లేని ఉపాయం మన దగ్గర ముచ్చట కాదు, అవసరం. అంబలిలో ఉప్పు ఎంత వెయ్యాలో, తప్పనప్పుడు ఏ మాత్ర వేసుకోవచ్చో ఆవిడ వంటివారు తమ వైద్యుణ్ణే అడగాలి. ఎప్పుడూ ఎరగనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, చెయ్యో కాలో చచ్చుబడినా, జ్వరంతో మెడ బిగిసినా శొంఠి అరగదీస్తూ కూర్చోక ఆసుపత్రికి పరుగెత్తాలి.

అవ్వల వైద్యంలో శాస్త్రం వెతకడం కంటె, అందులో హాని లేనిదేదో, ఉన్నదేదో విడదీసి రాసిపెట్టడం ఎక్కువ ఉపయోగం. శొంఠి, తలగుడ్డ, చీకటి గది, వేళకు అంబలి ఉంచుకుందాం. వాతలూ పసరులూ వదిలేద్దాం. మీ ఊళ్ళో, మీ ఇళ్ళలో ఈ నొప్పికి ఏం చేసేవారో పెద్దలు ఉండగానే అడిగి రాయండి. ఆ జల్లెడ ఒక్కరు పట్టేది కాదు.